లైన్లో ఎవరో వింటున్నారు

ఫ్రిజ్ ఆపేశాడు. అది ఒక్కసారి ఒళ్లు విదిలించుకుని, చిన్నగా గురక తీసి, ఊరుకుంది. అది ఊరుకున్నాక గానీ ఇల్లు ఎన్ని రకాల చప్పుళ్లు చేస్తుందో తెలియదు. గోడగడియారం బ్యాటరీ ఇందాకే తీసేశాడు. వంటింట్లో కారే పంపు కింద తడిగుడ్డ మడిచి పెట్టాడు, చుక్క పడినా నోరు మెదపకుండా. పైవాటా వాళ్లు కుర్చీలు ఈడ్చే చప్పుడు మాత్రం దేవుడికే వదిలేశాడు. ఇవన్నీ రోజూ చేసేవే, చేతులు వాటంతటవే చేసుకుపోతాయి, మనసు పెట్టక్కర్లేదు; ఇవాళ మాత్రం ప్రతి స్విచ్ దగ్గరికీ మళ్లీ వెనక్కి వచ్చి చూసుకుంటున్నాడు, పరీక్ష హాల్లోకి వెళ్లేవాడు జేబులో పెన్ను తడుముకున్నట్టు. పదకొండింటికి లైన్లోకి వస్తానంది స్టూడియో మేడమ్. వస్తుంది, వింటుంది. ఆ వినడంతోనే వచ్చింది చిక్కంతా. ఇన్నేళ్లలో అతను మైకు ముందు నిలబడి చదివింది ఎన్ని వేలమంది విన్నారో లెక్కలేదు, కానీ చదువుతున్నప్పుడు మాత్రం ఒక్కరూ వినలేదు.

పడగ్గది పక్కనున్న సామాన్ల గదే అతని స్టూడియో. చేతులు బారచాపితే రెండు గోడలూ తగులుతాయి. మొదట్లో ఎవరో చెప్పారని గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించాడు. వాటివల్ల గొంతుకు ఒరిగిందేమీ లేదు గానీ, కోళ్లు పెంచుతున్నారా అని కిందివాటా ఆవిడ వచ్చి అడిగింది. ప్రతిధ్వనిని మింగేది అట్ట కాదు, బరువైన బట్ట అని తర్వాత తెలిసింది. పాత బొంతలు, చలికాలపు దుప్పట్లు, అమ్మ ఉన్ని శాలువ, అన్నీ మేకులెక్కాయి. కంప్యూటర్‌ని గది బయట, తలుపు పక్కనే బల్ల మీద పెట్టాడు, దాని ఫ్యాను రొద మాటల సందుల్లో దోమలా దూరుతుందని. దాని తీగలు తలుపు కిందనించి పాక్కుంటూ లోపలికొస్తాయి, లోపల ఇంకో చిన్న తెర, కీబోర్డు, మైకు. మైకు ముందు గుండ్రటి చట్రానికి బిగించిన భార్య పాత మేజోడు, 'ప' అన్నప్పుడూ 'భ' అన్నప్పుడూ నోట్లోంచి దూకే గాలిని అది ఆపుతుంది. నోటికీ మైకుకీ మధ్య జానెడు దూరం. ఎదురుగా కాకుండా కాస్త వారగా నిలబడాలి. కూర్చుంటే ఊపిరి పొట్టదాకా దిగదు. ఇదంతా ఎవరూ నేర్పలేదు, చేసి చెడిపోయి, మళ్లీ చేసి నేర్చుకున్నాడు. చూసినవాళ్లెవరూ ఈ బొంతల గదిని స్టూడియో అనరు, విన్నవాళ్లెవరూ ఇంట్లో చేసిందని అనరు. అయితే అతనికి ఈ గది అంటే ప్రాణం అందుకు కాదు. తలుపు వేసుకుని ఒక్కడే నిలబడితే ఇక్కడ అతనికి నత్తి ఉండదు. అంతే. బయట ఉంటుంది, ఇక్కడ ఉండదు. చెప్పులు విడిచినట్టు గడప అవతల విడిచి వస్తాడు.

ఇప్పుడు గడప ఇవతలికి కూడా ఒక చెవి వస్తోంది. హెడ్‌ఫోన్ తలకు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. చెవుల్లో తన గుండె తనకే వినబడుతోంది, మైకుకి వినబడితే అదో తంటా. గోరువెచ్చని నీళ్లు ఒక గుక్క తాగాడు. నాలుక పిడచకట్టుకుపోతే మాట మాటకీ చిటుక్కుమంటుంది, ఆ చిటుకులన్నీ తర్వాత ఏరుకుంటూ కూర్చోవాలి. బయట హాల్లో సోఫా మీద కూతురు పడుకుని ఉంది, కడుపునొప్పని బడి మానేసింది. కదలకు, లేవకు, నీళ్లు కావాలంటే పక్కనే ఉన్నాయి అని సైగలతో చెప్పి వచ్చాడు. సైగలు ఆ ఇంట్లో మామూలే, నాన్న రికార్డింగ్ అంటే అందరూ మూగవాళ్లయిపోతారు, పిల్ల పుట్టాక నేర్చుకున్న మొదటి విద్య అదే. కడుపునొప్పి. పొద్దున భార్య చెప్పులు వేసుకుంటూ ఆ మాట ఎలా అంది, గొంతు తగ్గించి, వీధి తలుపు వైపు చూస్తూ.

"నిన్న రాత్రి దాకా లేదు. పొద్దున్నే వచ్చింది. ఇవాళ బడి హాల్లో అందరి ముందూ పాఠం చదవాలట వాళ్ల క్లాసు."

"ఊఁ."

"ఊఁ ఏమిటి? నీకు తెలియని నొప్పా అది?"

తెలుసు. ఆ నొప్పి పుట్టిల్లెక్కడో, మెట్టిల్లెక్కడో అన్నీ తెలుసు. మామూలు కడుపునొప్పి తిన్నదాన్నించి వస్తుంది, ఇది అనని మాటల్నించి వస్తుంది, పలకలేక మింగేసిన మాటలు లోపలికి పోయి అరక్క నొప్పెడతాయి. అతను బల్ల తుడుస్తూ ఉండిపోయాడు. తుడిచిందే తుడిచాడు.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా దానికి?"

"ఇవాళ కాదు."

"ఎప్పుడడిగినా ఇవాళ కాదు." భార్య సంచీ భుజానికి తగిలించుకుని, మళ్లీ ఆగింది. "పోనీ నీ ఫోను సంగతి? సెలవు పెట్టెయ్యనా? సార్‌కి గొంతు పట్టేసింది, రికార్డ్ చేసి సాయంత్రం పంపిస్తారు అని చెప్పేస్తాను. నమ్ముతారు."

నమ్ముతారు, ఎందుకు నమ్మరు, ఇన్నేళ్లూ నమ్మారు. సార్ రికార్డింగ్‌లో ఉన్నారండీ, చెప్పండి, నేను రాసుకుంటాను అని ఫోన్లో ఎంత దర్జాగా అంటుందో. ఆ సార్ పక్కనే నిలబడి ఉల్లిపాయలు తరుగుతూ ఉంటాడు. కొందరు ఆమెని సెక్రటరీ గారు అని పిలుస్తారు, జీతమెంత ఇస్తున్నారో గానీ మంచి మనిషిని పెట్టుకున్నారని ఒకాయన మెచ్చుకున్నాడు కూడా. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, అతనికి నోరే వేరే మనిషి. వద్దులే, చూస్తాను, అన్నాడు. ఎందుకన్నాడో ఇప్పటికీ అంతుపట్టడం లేదు. అంత తేలిగ్గా దొరికిన దారి వదులుకుని ఈ బొంతల మధ్య మింగలేక కక్కలేక నిలబడటమేమిటి. ఆమె నిలబడి అతని వంక ఓ క్షణం చూసింది, కళ్లద్దాల కొట్టులో మొదటిసారి చూసినట్టే చూసింది.

ఆ కొట్టులో ఆమె కళ్లు పరీక్ష చేసేది, అతను తలనొప్పని చూపించుకోవడానికి వెళ్లాడు. గోడ మీద అక్షరాలు వరసగా వెలిగేవి, పైన పెద్దవి, కిందికి చిన్నవి. చదవండి, అంది. అన్నీ కనిపిస్తున్నాయి అతనికి, ఈగ కాలంత అక్షరం కూడా కనిపిస్తోంది, కానీ మూడో వరసలో 'బ' ఉంది, నాలుగులో 'ద'. తల అడ్డంగా ఊపాడు. ఇది? ఊహూఁ. పోనీ ఇది? ఊహూఁ. పాపం అని ఆమె సోడాబుడ్డి అద్దాలు పెట్టించింది. అవి పెట్టుకుని బయటికి నడుస్తూ నేరుగా వెళ్లి తలుపుకి గుద్దుకున్నాడు. నుదురు బొప్పికట్టింది. ఆమె పరుగెత్తుకొచ్చి అద్దాలు తీసి, వాటినీ అతన్నీ మార్చి మార్చి చూసి, మీకు కనబడకపోవడం కాదు కదూ, అంది. ఆ తర్వాత ఇంకేం అడగలేదు. అతను మాట వెతుక్కుంటుంటే ఆమె నోటి వంక కాక కళ్ల వంక చూస్తూ ఊరుకునేది, అందుకే పెళ్లి చేసుకున్నాడు. పెళ్లయ్యాక పిల్ల పుడితే పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు, భార్య రాసిన అందమైన పేర్లన్నీ పక్కకు పెట్టి, నోటికి అడ్డం పడని అచ్చు అక్షరంతో మొదలయ్యేదే కావాలని పట్టుబట్టాడు. ముద్దుకి కూడా అమ్మలూ అనే పిలుస్తాడు, 'అ' అతని పక్షం. ఎంత జాగ్రత్తపడితే మాత్రం. పేరు మార్చినంత సులువుగా రక్తం మారుతుందా.

తెర మీద రికార్డింగ్ గీత తిన్నగా పడుకుని ఉంది. ఒకసారి దగ్గాడు, గీత ఉలిక్కిపడి లేచి కూర్చుంది, మళ్లీ పడుకుంది. ఆకుపచ్చలోనే ఉంది, మోత మించితే వచ్చే ఎరుపు దాకా పోలేదు. సరే. గొంతుని చూడటం అతనికి ఈ గీతే నేర్పింది. 'స' ఇసక పోసినట్టుంటుంది, 'ప' ముందు సన్నటి ఖాళీ ఉండి ఒక్కసారి పొడుచుకొస్తుంది, ఊపిరి కింద చిన్న గడ్డిపరకల్లా ఉంటుంది. బయటిలోకంలో తన మాటలు రికార్డ్ చేస్తే ఎలా ఉంటుందో ఒకసారి చూశాడు, ఊరికే, పాలవాడితో మాట్లాడుతున్నప్పుడు ఫోన్ ఆన్ చేసి. నత్తి అంటే జనం అనుకున్నట్టు ద ద ద అని చప్పుడే కాదు. చాలావరకు చప్పుడు లేకపోవడమే. మనిషి లోపల కొండల్ని మోస్తుంటే గీత మాత్రం ఏమీ జరగనట్టు తిన్నగా పోతుంది.

కాగితం మీద ఉన్నవి కాసిని వాక్యాలే. ఒక పెద్ద ఆస్పత్రికి, మంటలు లేచినప్పుడు వార్డుల్లో మోగాల్సిన గొంతు. దయచేసి ఆందోళన పడకండి. దగ్గర్లో ఉన్న మెట్ల వైపు నడవండి. లిఫ్టు వాడకండి. మీరు లేవలేని స్థితిలో ఉంటే మంచం మీదే ఉండండి, మీ కోసం మనిషి వస్తున్నాడు. ఆ చివరి వాక్యం చదివినప్పుడల్లా అతని ఒళ్లు జలదరిస్తుంది. పొగలో, చీకట్లో, సెలైన్ గొట్టంతో పడుకున్న ముసలావిడ ఎవరో ఈ గొంతు ఒక్కటే విని కదలకుండా ఉండాలి, నమ్మాలి. అందుకే మేడమ్ దగ్గరుండి వింటానంది, వేగం సరిపోవాలి, భయపెట్టకూడదు, నిద్రపుచ్చకూడదు, మీరు ఇంటి నుంచే చదవండి, నేను లైన్లో ఉండి చెప్తుంటాను, అని ఆఫీసు వాళ్ల చేత రాయించింది. న్యాయమే. దయచేసి. ఇన్ని మాటలుండగా మొదటి మాటే 'ద'. మామూలుగా అయితే అతను పక్కకి తప్పుకుంటాడు, దయచేసి రాకపోతే కాస్త అంటాడు, ఇదిగోండి అంటాడు, ఏదో ఒకటి. ఒక్కో మాటకీ నాలుగు మారుమాటలు జేబులో వేసుకుని తిరుగుతాడు, అందుకే అతని మాట ముచ్చటగా ఉంటుందని, పుస్తకం చదివినట్టుంటుందని అంటారు తెలియనివాళ్లు. దిగాల్సిన స్టాపు పేరు రాకపోతే తర్వాతి స్టాపుకి టికెట్ తీసుకుని ఎండలో వెనక్కి నడిచొచ్చేవాడు. కాగితం మీది మాటకి మారుమాట లేదు. మొన్నటికి మొన్న రైల్వే స్టేషన్లో, టికెట్ కిటికీ ముందు ఊరి పేరు గొంతుకడ్డం పడి నిలబడిపోయినప్పుడు, సరిగ్గా నెత్తిమీద స్పీకర్లో తన గొంతే, ప్రయాణికులు దయచేసి గమనించగలరు అని, వెన్నపూసలా, ఎక్కడా ఆగకుండా. వెనకాల నిలబడ్డాయన విసుక్కున్నాడు. "ఏ బండో తెలీకపోతే అక్కడ చెప్తున్నాడుగా, వినండి బాబూ." అతను విన్నాడు. ఏం చేస్తాడు, పక్కకి తప్పుకుని చివరిదాకా విన్నాడు.

కూతురికి ఆ స్పీకర్ అంటే ఎంత గొప్పో. స్నేహితుల్ని వేలు పట్టుకుని తీసుకెళ్లి స్తంభం కింద నిలబెట్టి, వినండి, మా నాన్న, అంటుంది. అనేది. ఈమధ్య అనడం లేదు. ఈమధ్య మ దగ్గర ఆగుతోంది, మ మ అని కళ్లు గట్టిగా మూసుకుంటోంది, మొదట్లో నిద్రమత్తు అనుకున్నారు, తర్వాత ముద్దుమాటలన్నారు, తర్వాత ఇద్దరూ దాని గురించి అనుకోవడమే మానేశారు. ఒకరోజు అన్నం తింటూ అడిగింది, నాన్నా, నువ్వెప్పుడూ తప్పు చదవవా? అని. అతను నవ్వాడు. నవ్వి ఊరుకున్నాడు, వెధవ నవ్వు. ఇంట్లో అతను తక్కువ మాట్లాడతాడు, వచ్చే మాటలే మాట్లాడతాడు, నాన్న నెమ్మదస్తుడు అనుకుంటుంది పిల్ల. లోకంలో తప్పుల్లేని గొంతు ఒకటుందనీ, అది వాళ్ల నాన్నదనీ, ఆ ఇంట్లో పుట్టి కూడా తనొక్కతే ఇలా అయిందనీ అనుకుంటోంది. అనుకుంటోందని అతనికి తెలుసు. అక్కడే, ఆ తెలిసిన చోటే, మనసు కాళ్లు తడబడి ప్రతిసారీ ఇంకో వీధిలోకి తిరిగిపోతుంది.

బడి. చిన్నప్పుడు హాజరు పిలిచేవారు, ప్రెజెంట్ సార్ అనాలి, 'ప' దగ్గర పెదాలు అతుక్కుపోయేవి, మాస్టారు తలెత్తకుండా గైర్హాజరు వేసేసేవారు, ఎదురుగా బెంచీలో కూర్చుని ఉండగానే. కిక్కు అని పేరు పెట్టారు పిల్లలు. నోరు తెరిస్తే చాలు, వెనక బెంచీవాళ్లు స్కూటర్ కిక్ కొట్టినట్టు కాలాడించేవాళ్లు, బండి స్టార్టవ్వట్లేదురోయ్, చోక్ లాగండి అని. అందరితో పాటు తనూ నవ్వేవాడు, నవ్వకపోతే ఇంకా నవ్వుతారు. ఇంటికొచ్చి తాతయ్యకి పేపరు చదివి పెట్టేవాడు. తాతయ్యకి బ్రహ్మచెవుడు. పక్కన పిడుగు పడ్డా దీపం ఎందుకు మినుకుమందని అడిగే మనిషి. ఆయనకు కళ్లూ సరిగా ఆనేవి కావు, అయినా పేపరు చదవాలి, మనవడు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా గొంతెత్తి చదవాలి, ఆయన పడక్కుర్చీలో తల ఆడిస్తూ ఉండాలి, ఏం వినేవాడో ఏం ఊహించుకునేవాడో. అక్కడ నత్తి ఉండేది కాదు. వినబడదని తెలుసు కనక మాటలు గేటు తీసిన పశువుల్లా బయటికి పరుగెత్తేవి. వార్తలు, వేలంపాట ప్రకటనలు, వాతావరణం, అన్నీ వార్తలు చదివే మనిషిలా చదివేవాడు, చేతులు కూడా ఊపేవాడు. ఒక సెలవురోజు బాబాయి చెవిమిషను కొని తెచ్చాడు. తాతయ్య అది పెట్టుకుని, వంటింట్లో గిన్నెల చప్పుడు విని చిన్నపిల్లాడిలా నవ్వి, కుర్చీలో సర్దుకుని, ఏదీ, ఇప్పుడు చదవరా, ఇన్నాళ్లకు నీ గొంతు వింటాను, అన్నాడు. పేపరు తెరిచాడు. మొదటి ముక్క దగ్గరే ఆగిపోయాడు. మెడ నరాలు బిగిసి, కళ్లలో నీళ్లు తిరిగాయి. తాతయ్య కాసేపు చూశాడు. చూసి, చెవిలోంచి ఆ మిషను తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. చదువు, అన్నాడు. చదివాడు. ఆయన పోయేదాకా అది ఆ జేబులోనే ఉంది, గొంతు వినకుండానే పోయాడు. అప్పుడది ఎంత దయ అనిపించిందో. ఇప్పుడు ఆలోచిస్తే అదేమిటో తెలియడం లేదు. అందరూ దయగలవాళ్లే, తాతయ్య మిషను తీసేశాడు, భార్య ఫోను తీసుకుంది, ఎవరూ వినలేదు.

చెవుల్లో టక్కుమంది. లైను కలిసింది.

"హలో, నమస్కారమండీ. వినిపిస్తోందా?"

పెద్దావిడ గొంతు, పొడిగా, పనిమీదున్న గొంతు. వెనకాల ఎవరో కాగితాలు తిప్పుతున్నారు. నమస్కారం అనాలి. 'న'. నాలుక పైకి వెళ్లి పళ్ల వెనక అంటుకుంది, అంటుకుని అక్కడే ఉండిపోయింది. తోశాడు. తోసినకొద్దీ బిగుసుకుంది. తెర మీద గీత తిన్నగా పోతోంది, మైదానంలో రోడ్డులా.

"హలో? హలో అండీ? లైను పోయినట్టుంది, చూడు బాబూ," అని ఆవిడ పక్కనెవరితోనో అంటోంది. "ఏవండీ, నెట్‌వర్క్ సరిగా లేదా మీ దగ్గర?"

ఎంత చక్కటి మాట. తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లాడికి అమ్మ చెయ్యి దొరికినట్టుంది. వేళ్లు అప్పటికే కీబోర్డు మీదికి పోయాయి, అవునండీ నెట్ బాగాలేదు, నేను రికార్డ్ చేసి సాయంత్రానికి పంపిస్తాను, అని టకటకా కొట్టేశాయి, వేళ్లకి నత్తి లేదు. ఇంకొక్క మీట నొక్కితే వెళ్లిపోతుంది. ఆవిడ సరే అంటుంది, ఫ్రిజ్ ఆన్ చేసుకుంటాడు, వాక్యాలు ఒక్కడే నిలబడి అద్భుతంగా చదువుతాడు, సాయంత్రం భార్య ఏమైంది అంటే నెట్ పోయింది అంటాడు, ఆమె అతని వంక చూస్తుంది. తలుపు కింద సందు వైపు చూపు పోయింది. తీగల పక్కన వెలుతురు ఉండాలి, సగం లేదు. రెండు చిన్న పాదాల నీడ. లేవకు అన్నా లేచింది. చప్పుడు కాకుండా వచ్చింది, ఆ ఇంటి పిల్ల కదా, చప్పుడు కాకుండా రావడం బాగా తెలుసు. ఎప్పుడొచ్చింది, ఎంతసేపైంది. లోపల నాన్న ఏం చదువుతాడో వినడానికి వచ్చి నిలబడింది, లోపలినుంచి ఏమీ రావడం లేదు.

"చెప్పండి, పెట్టెయ్యమంటారా? మళ్లీ కలుద్దామా?"

"నె," అన్నాడు. "నె నె నె నె." దవడ పక్కకి లాగింది, కళ్లు మూసుకుపోయాయి, మెడ నరాలు తాళ్లలా లేచాయి. తలుపు కింద నీడ కదల్లేదు. మారుమాటలు నాలుక చివర్న వరసకట్టి నిలబడ్డాయి, అవునండీ, ఇదిగోండి, ఒక్క క్షణమండీ, ఏదైనా తీసుకో అన్నట్టు. వేటినీ ముట్టుకోలేదు. "నె నె నెట్‌వర్క్ కాదండీ." ఊపిరి తీసుకున్నాడు. "నాకు... నా నా నాకు న న..." ఇది ఇంకా పెద్ద కొండ, ఈ మాట పుట్టి బుద్ధెరిగాక ఎవరి ముందూ అనలేదు, భార్య ముందు కూడా, ఆమె అన్నప్పుడు తల ఊపాడు అంతే. "న న నత్తి."

అవతల కాగితాల చప్పుడు ఆగిపోయింది. ఇప్పుడు నవ్వుతుందా, అయ్యో పాపం అంటుందా, ఏదీ భరించలేడు.

"మరి చదవగలరా?" అంది ఆవిడ.

"ఒ ఒక్కణ్ణే అయితే చదువుతానండీ. ఎవరైనా వి వింటుంటే... తెలియదు."

"స్టేషన్లో గొంతు మీదే కదూ?"

"అవునండీ."

"ఈ ముక్క ముందే చెప్పి ఉంటే ఇంకో గంట ఎక్కువ పెట్టుకునేదాన్ని కదండీ. పన్నెండున్నరకి ఈ రూమ్ ఇంకొకరికి ఇచ్చేశాను." చిరాకే ఆ గొంతులో, టైం చాలని మనిషి మామూలు చిరాకు. "సరే, కానివ్వండి. ఆగినా ఫర్వాలేదు, నేను ఉంటాను. మొదటిది."

చదివాడు. 'ద' మీద పడ్డాడు, లేచాడు, ఆందోళన దాకా వచ్చి 'పడకండి' దగ్గర మళ్లీ పడ్డాడు. ఆవిడ, మళ్లీ, అంది. మళ్లీ. ఈసారి దయచేసి వచ్చింది, మెట్ల వైపు దగ్గర గొంతు పిల్లల గొంతులా పైకి పోయింది. మళ్లీ. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఇంకోసారి పూర్తిగా ఆగిపోయి, ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు, ఆవిడ దాన్ని దాటించడానికి మాట అందించలేదు, నెట్‌వర్క్ అనలేదు, ఊరుకుంది. ఆ ఊరుకోవడంలో ఒకటి తెలిసింది అతనికి, ఆవిడ వింటున్నది నత్తిని కాదు, దాని కోసం ఆవిడకి తీరికే లేదు. ఆ చివరి వాక్యం మంచం మీదున్న మనిషికి చేరుతుందా లేదా అని వింటోంది. ఆ సంగతి అతనికీ కావాలి. అది పట్టుకున్నాడు. పొగలో పడుకున్న ముసలావిడని కళ్లముందు పెట్టుకుని, ఆమెకి చెప్పాడు. మీరు లేవలేని స్థితిలో ఉంటే మంచం మీదే ఉండండి. మీ కోసం మనిషి వస్తున్నాడు. మంచం 'మ' దగ్గర రవ్వంత తొట్రుపడింది. గీతలో అది తనకే కనబడుతుంది, వినేవాళ్లకు తెలియదు.

"ఇది బాగుంది," అంది. "కానీ 'వస్తున్నాడు' తొందరగా ముగించేశారు. ఆవిడ నమ్మేదాకా ఉండాలి. ఇంకొక్కసారి."

'ఆవిడ నమ్మేదాకా' అంది. ఎవరావిడ? మేడమ్ కూడా ఎవరో ఒక ముసలావిణ్ణే అనుకుంటోంది కాబోలు. ఇంకొక్కసారి చదివాడు, ఇంకో రెండుసార్లు, పడుతూనే ఉన్నాడు, లేస్తూనే ఉన్నాడు. చివరికి ఆవిడ, రెండు వాక్యాలు దొరికాయి, మిగతావి ఇదే నడకలో మీరొక్కరే చేసి పంపండి, సరిపడకపోతే వచ్చేవారం మళ్లీ కూర్చుందాం, లైన్లోనే, అంది. లైన్లోనే అన్న మాటని గట్టిగా అన్నట్టు వినిపించింది. ఉంటానండీ అంది. అతనూ ఉంటానండీ అనబోతే 'ఉ' కూడా అడ్డం తిరిగింది, ఎప్పుడూ తిరగని అచ్చు అక్షరం. ఆవిడ అది పూర్తయ్యేదాకా ఆగి పెట్టేసింది.

హెడ్‌ఫోన్ తీశాడు. చెవులు వేడిగా ఉన్నాయి. తెర మీద కొట్టి పంపకుండా వదిలేసిన వాక్యం అలాగే ఉంది, చెరిపేశాడు. గెలిచినట్టేం లేదు. బజార్లో చొక్కా చిరిగి నిలబడ్డట్టుంది. ఒక్క తలుపు తీస్తే అయిపోతుంది, ఆ తలుపు మేడమ్‌తో అన్న మాట కంటే బరువుగా ఉంది.

కూతురు బయట నేలమీద కూర్చుని ఉంది, కంప్యూటర్ బల్ల కాలికి ఆనుకుని, మెడ పైకెత్తి. బల్ల మీది తెరలో ఇందాకటి గీతంతా ఉంది, గుట్టలు గుట్టలుగా, మధ్యమధ్య పొడుగాటి తిన్నటి దారులు.

"నువ్వు ఆగినప్పుడల్లా ఇది ఇలా వెళ్లింది నాన్నా." వేలితో గాలిలో అడ్డంగా గీసి చూపించింది. అతని మొహం వైపు చూడలేదు. చూడకుండానే అడిగింది. "నీక్కూడానా?"

అవును అనొచ్చు. 'అ' ఎప్పుడూ అడ్డం రాదు, నోట్లోంచి జారిపోతుంది. అతను ఆమె పక్కన నేలమీద కూలబడ్డాడు.

"నా నా నా," అన్నాడు, "నాక్కూడా."

పిల్ల అప్పుడు చూసింది. మొదట నోటి వంక, తర్వాత కళ్ల వంక. కనుబొమలు ముడిపడ్డాయి, ఏడుపుకో కోపానికో తెలియలేదు.

"అమ్మకి తెలుసా?"

"ఆఁ."

"మ మ... మ..." పిల్ల కళ్లు గట్టిగా మూసుకుంది. మాట అందించడానికి అతని పెదాలు కదలబోయాయి, పళ్ల కింద నొక్కి పట్టుకున్నాడు. "మరి నాకెందుకు చెప్పలేదు?"

కోపమే. దానికి సమాధానం ఒక్క మాటలో లేదు, తేలిక మాటల్లో అసలే లేదు. చెప్పాలంటే 'భ' ఉంది, భయం అనాలి, సిగ్గు అనాలి, తాతయ్య అనాలి, నువ్వు స్తంభం కింద నిలబడి నీ స్నేహితులకి వినిపించినప్పుడు నేను దూరంనించి చూశాను అనాలి, ఎన్ని మాటలో, ఎంతసేపు పడుతుందో. పైవాటాలో ఎవరో కుర్చీ ఈడ్చారు. ఈడ్చుకోనీ. అతను నోరు తెరిచాడు. మొదటి అక్షరమే అడ్డం పడింది, పడి, కదలనని మొరాయించింది. కూతురు మోకాళ్లు దగ్గరికి లాక్కుని, వాటి మీద గడ్డం ఆన్చి, చెప్పేదాకా లేచేది లేదన్నట్టు కూర్చుంది.